చందాలు చాలు, ఫిర్యాదు రాయండి

గల్ఫులో తెలుగువాడు ఆసుపత్రిలో చనిపోతే ఆ తర్వాత మూడు రోజుల్లో ఏం జరుగుతుందో మనకి కంఠతా వచ్చు. మొదటి గంటలో వాట్సాప్ గుంపులో పాస్‌పోర్టు ఫోటో, కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. రెండో గంటలో "సోదరులారా, తలో చెయ్యి వెయ్యండి" అంటూ చందా. మూడో రోజుకి ముహైస్నాలోని ఎంబామింగ్ కేంద్రం, పెట్టె, కార్గో, శంషాబాద్. అక్కడి నుంచి అంబులెన్సులో జగిత్యాలకో, రాజంపేటకో. పెట్టె విమానం ఎక్కగానే సంఘం నాయకుడుగారు కాన్సులేటుకి, దాతలకి, మీడియా మిత్రులకి పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతూ ఒక పోస్టు పెడతారు. ఫైలు క్లోజు.

ఈ తతంగం మొత్తంలో ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఆ మనిషి ఎందుకు చనిపోయాడు?

కాగితం మీద కారణం ఉంటుంది లెండి. చాలాసార్లు "గుండె ఆగిపోవడం" అని ఉంటుంది. గుండె ఆగకుండా చచ్చేవాడెవడండీ? అది చావుకి నిర్వచనం, కారణం కాదు. ముప్ఫై ఐదేళ్ళవాడు కడుపునొప్పితో నడుచుకుంటూ క్లినిక్కి వెళ్ళి, మాత్రలతో వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, మూడోసారి స్ట్రెచర్ మీద వెళ్ళాడంటే ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరో ఒకరు చూడాలి కదా. అందులో తప్పు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చూడనివాడికి రెండూ తెలియవు.

నేను ఉండేది అల్ వర్సాన్‌లో. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. డ్రాగన్ మార్ట్ పక్కన దేశాల పేర్లతో క్లస్టర్లు, అద్దె కాస్త అందుబాటులో ఉండటం వల్ల చేరిన సంసారాలు, ఒకే ఫ్లాటులో బెడ్‌స్పేసులు. ఐటీవాడూ ఏసీ టెక్నీషియనూ ఒకే లిఫ్టులో దిగే చోటు ఇది. ఇక్కడ మనవాళ్ళని కదిపితే ఎక్కువగా వినిపించే మాట "ఎందుకొచ్చిన గొడవ". ఆపరేషన్ తర్వాత చెయ్యి ఎత్తలేని మనిషి అంటాడు ఈ మాట. ప్రసవంలో బిడ్డని పోగొట్టుకున్న ఇంట్లోనూ ఇదే మాట. ఫిర్యాదు చేస్తే వీసా పోతుందట. కంపెనీకి ఫోను వెళ్తుందట. ఇన్సూరెన్సు కార్డు బ్లాకు చేస్తారట. ఈ "అట"లన్నీ ఎవరు పుట్టించారో తెలీదుగానీ, వీటిని చదువుకున్నవాళ్ళే ఎక్కువ నమ్ముతున్నారు. పైపెచ్చు చదువు లేనివాళ్ళకి సలహాగా కూడా ఇస్తున్నారు.

ఇదే మనిషి ఊళ్ళో ఉంటే ఏం చేసేవాడో చూడండి. కరీంనగర్లోనో గుంటూరులోనో పేషెంటు పోతే బంధువులు శవంతో ఆసుపత్రి ముందు బైఠాయిస్తారు. అద్దాలు పగులుతాయి, ఏ పాపమూ ఎరగని నర్సు మీద చెయ్యి పడుతుంది. ఇది మామూలైపోయిందనే 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసుపత్రుల మీద, వైద్య సిబ్బంది మీద దాడులకి ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. సాయంత్రానికి లోకల్ లీడరు దిగుతాడు, లోపల గదిలో పంచాయితీ, ఇంత అని ఒప్పందం, అందులో లీడరు వాటా లీడరుకి. రాత్రికి శవం లేస్తుంది. ఆ డాక్టరు మర్నాడు అదే పని మళ్ళీ చేసినా చెప్పడానికి ఎక్కడా ఒక్క కాగితం ఉండదు. అక్కడ రాళ్ళు వేస్తాం, ఇక్కడ నోరు మూసుకుంటాం. చూడటానికి రెండూ వ్యతిరేకంగా కనిపిస్తాయి కానీ ఫలితం ఒక్కటే. రెండు చోట్లా ఫిర్యాదు అనే వస్తువు పుట్టదు.

ఇక ఇక్కడి చట్టం సంగతి. "అరబ్ దేశంలో మనకి న్యాయమా" అని పెదవి విరిచే మిత్రులు ముందు చట్టం ఏం చెబుతోందో చదివితే బాగుంటుంది. యూఏఈలో వైద్య బాధ్యతకి ప్రత్యేక చట్టం 2008 నుంచే ఉంది. దాని స్థానంలో 2016లో 4వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం వచ్చింది, 2023లో దానికి సవరణలు జరిగాయి. దీని ప్రకారం నష్టపరిహారం కావాలన్నవాడు నేరుగా కోర్టుకి పోలేడు. ముందు ఆరోగ్య శాఖకి ఫిర్యాదు చెయ్యాలి. దుబాయ్‌లో అయితే దుబాయ్ హెల్త్ అథారిటీ, అబుదాబిలో అయితే అక్కడి ఆరోగ్య విభాగం. దుబాయ్ హెల్త్‌కేర్ సిటీ లోపలి ఆసుపత్రులకి నియంత్రణ సంస్థ వేరు, అది గుర్తుంచుకోండి. ఫిర్యాదు నిపుణులైన డాక్టర్లుండే వైద్య బాధ్యత కమిటీకి వెళ్తుంది. తప్పు జరిగిందా, జరిగితే ఘోరమైన తప్పా కాదా, హాని ఆ తప్పు వల్లే వచ్చిందా, ఒంట్లో ఏ అవయవం ఎంత శాతం పనికిరాకుండా పోయింది అన్నవి వాళ్ళు తేలుస్తారు. నివేదిక నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లో పై కమిటీకి వెళ్ళొచ్చు. కోర్టు ఆ తర్వాత మెట్టు.

ఘోరమైన తప్పు అంటే ఏమిటో 2019లో కేబినెట్ ఇచ్చిన 40వ నంబరు తీర్మానం విడమరిచి చెప్పింది. కడుపులో పరికరం వదిలేసి కుట్లు వెయ్యడం, మోతాదు మించి మందివ్వడం, తన స్పెషాలిటీ కాని పని నెత్తినేసుకోవడం లాంటివి అందులోకి వస్తాయి. అటువంటి తప్పుకి 2016 చట్టంలో ఏడాది దాకా జైలు, 2 లక్షల దిర్హాముల దాకా జరిమానా రాశారు. ప్రాణం పోతే రెండేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. కాబట్టి చట్టానికి పళ్ళు లేవనే మాట ఎవరూ అనక్కర్లేదు. పైగా బాధ్యత బీమా లేకుండా ఇక్కడ వైద్యం చెయ్యడానికే వీల్లేదు. "పాపం డాక్టరు పొట్ట కొట్టడం ఎందుకు" అని జాలిపడే పెద్దమనుషులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి. పరిహారం వస్తే అది ఆ బీమా లోంచి వచ్చే డబ్బు. దాని ప్రీమియం మీ నా కన్సల్టేషన్ ఫీజులోనే కలిసి ఉంటుంది.

డాక్టర్ల తప్పు డాక్టర్లే తేల్చడమేమిటి అని మీకు అనిపిస్తే, నాకూ అనిపించింది. ఇది చిన్న అభ్యంతరం కాదు. ఇండియాలో ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచినవాడు మన తెలుగువాడే. వి.కిషన్‌రావుగారు మలేరియా విభాగంలో అధికారి. 2002 జూలైలో ఆయన భార్య చలిజ్వరంతో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు. అక్కడ టైఫాయిడ్ అని వైద్యం చేశారు. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పరీక్షేమో నెగటివ్. పరిస్థితి విషమించాక వేరే ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ రక్తంలో మలేరియా క్రిమి కనిపించింది, అప్పటికే చెయ్యి దాటిపోయింది, ఆవిడ చనిపోయారు. మలేరియా ఆఫీసరు భార్యకి మలేరియా కనిపెట్టలేదన్నమాట! జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. ఆయన వదల్లేదు. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, తప్పు దానంతటదే కనిపిస్తున్నప్పుడు ఎవరో వచ్చి చెప్పే పని లేదు అని తేల్చి ఆ 2 లక్షలూ నిలబెట్టింది. ఎనిమిదేళ్ళ పోరాటానికి 2 లక్షలు. మన అపార్టుమెంటు లెక్కల్లో అది పార్కింగు ఖర్చు. కానీ ఆ తీర్పు తర్వాత దేశంలో ఎన్ని కేసుల్లో ఉదహరించారో న్యాయవాదుల్ని అడగండి.

దుబాయ్‌లో ఆ సౌకర్యం లేదు. ఇక్కడ కమిటీ గుమ్మం దాటకుండా పని జరగదు. సరే, అలాగే ఉండనివ్వండి. కమిటీ చూసేది ప్రధానంగా కాగితాలు కాబట్టి మన ఏడుపు కంటే మన ఫైలు ముఖ్యం అవుతుంది. ఇక్కడే మనం చేతులారా ఓడిపోతున్నాం. కేస్ షీటు, నర్సుల నోట్సు, ల్యాబు రిపోర్టులు, స్కాను సీడీ, సంతకం పెట్టిన అంగీకార పత్రం కాపీ, ఏ రోజు ఏ టైముకి ఎవరు చూశారో మన చేతి రాతలో ఒక కాగితం. ఇవి కావాలి. మనవాళ్ళ దగ్గర మిగిలేది బిల్లు, డిశ్చార్జి సమ్మరీ మాత్రమే, అదీ తడిసి ముద్దై. విచిత్రం ఏమిటంటే రికార్డుల విషయంలో ఇక్కడి చట్టం మనకంటే చాలా గట్టిది. ఆరోగ్య సమాచారం మీద 2019లో వచ్చిన 2వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం చివరి వైద్యం జరిగిన నాటి నుంచి కనీసం 25 ఏళ్ళు ఆ సమాచారం దాచి ఉంచాలి. ఇండియాలో 2002 నాటి వైద్య నియమావళి చెప్పింది 3 ఏళ్ళు, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని కూడా రాసి ఉంది, ఇస్తున్నారా అన్నది మీకే తెలుసు. పాతికేళ్ళు దాచి ఉంచే కాగితాన్ని పాతిక రోజుల్లో కూడా అడగని జాతి మనది.

మరణం అయితే ఇంకా తొందర. ఎంబామింగ్ జరిగిందంటే శరీరంలోకి రసాయనం వెళ్ళిపోయినట్టే, ఆ తర్వాత విష పరీక్షలకీ రక్త పరీక్షలకీ పెద్దగా విలువ ఉండదు. ఊళ్ళో దహనం అయిపోతే ఇక చెప్పక్కర్లేదు. అందుకే అనుమానం ఉంటే ఆ మాట పెట్టెకి ముందే పోలీసుకి రాతపూర్వకంగా చెప్పాలి, ఫోరెన్సిక్ పరీక్ష అడగాలి. నిజమే, శవం రెండు వారాలు ఆలస్యం అవుతుంది. ఊళ్ళో తల్లి ఎదురు చూస్తూ ఉంటుంది. ఆ తల్లికి ఫోన్ చేసి "అమ్మా, ఇది అడగాలా వద్దా, నిర్ణయం నీది" అని చెప్పేవాడు ఒకడు కావాలి. మనం ఆ తల్లి తరఫున మనమే నిర్ణయం చేసేసి, తొందరగా పంపించామని జబ్బలు చరుచుకుంటున్నాం.

భార్యాపిల్లలు ఇక్కడే ఉంటే మరో తప్పు చేయిస్తున్నాం. పెట్టెతో పాటు అదే ఫ్లైటులో ఎక్కించేస్తున్నాం. భర్త వీసా మీద ఉన్నావిడ అతను పోయిన మర్నాడే దేశం విడిచి పోవక్కర్లేదు. వితంతువులకి, విడాకులైన వారికి స్పాన్సర్ లేకుండానే ఏడాది పాటు నివాసం పొడిగించే నిబంధన 2018లోనే తెచ్చారు. ఆవిడ ఇక్కడ ఉండగా చెయ్యగలిగిన పని ఒక వారం. అదే పని నిజామాబాద్ నుంచి చెయ్యాలంటే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు, పవర్ ఆఫ్ అటార్నీ, వాటి మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర, మళ్ళీ ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన లైసెన్సు ఉన్న అనువాదకుడితో అరబ్బీ తర్జుమా. దుబాయ్ సివిల్ కోర్టుల భాష అరబ్బీ. ఫీజు దావా మొత్తంలో 6 శాతం లెక్కన, గరిష్ఠ పరిమితికి లోబడి. బీడీలు చుట్టే ఆడమనిషి ఈ మెట్లన్నీ ఎక్కుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళకో దండం.

డబ్బు మాట ఎత్తితే మొహం చిట్లించే వాళ్ళుంటారు, "చావుతో వ్యాపారమా" అని. మరణానికి ఇక్కడ దియా అనే రక్తధనం ఉంది, 2003లో దాన్ని లక్షన్నర నుంచి 2 లక్షల దిర్హాములకి పెంచారు. బతికి వికలాంగులైన వారికి కోర్టు తన విచక్షణ మేరకు పరిహారం ఇస్తుంది. అది వ్యాపారం కాదు, ఒక ఇంటి బియ్యం. ఇంకొకటి కూడా. నిమ్స్‌లో 1990 అక్టోబరులో ఆపరేషన్ చేయించుకుని నడుం కింద చచ్చుబడిపోయిన ఇంజినీరింగు విద్యార్థి ప్రశాంత్ ధనంకగారి కథ మీలో హైదరాబాదీలకి గుర్తుండే ఉంటుంది. వెన్నెముక పక్కన కణితి తీస్తూ న్యూరోసర్జన్‌ను వెంట పెట్టుకోలేదు. ఆయన వీల్ ఛైర్‌లో కూర్చుని సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించుకున్నారు. 2009 మే 14న కోర్టు కోటి రూపాయలు, దాని మీద వడ్డీ ఇవ్వమంది. పంతొమ్మిదేళ్ళు పట్టింది. అమెరికాలో డాక్టరైన కునాల్ సాహా తన భార్య కోల్‌కతాలో 1998లో పొందిన వైద్యం మీద 2013 దాకా పోరాడి దాదాపు 6 కోట్లు, వడ్డీ అదనం, గెలుచుకున్నారు. ఒకరికి చదువు, పట్టుదల. ఇంకొకరికి వాటితో పాటు వైద్యం తెలిసిన బుర్ర, ప్రవాసంలో సంపాదన. సోనాపూర్ క్యాంపులో ఉన్న మేస్త్రీకి పట్టుదల ఉండొచ్చు. మిగతావి ఎవరివ్వాలి?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. గల్ఫులో తెలుగు డాక్టర్లు ఎంతమంది లేరు! ప్రతి సంఘంలోనూ ఒక వైద్య విభాగం, ఏడాదికోసారి బీపీ షుగరు క్యాంపు. మంచిదే. కానీ "అన్నా, ఈ ఫైలు ఒకసారి చూసి పెట్టవా, తప్పు ఉందో లేదో నాకు చెప్పు చాలు, సంతకం వద్దు" అని అడిగితే ఎంతమంది చూస్తారు? "నేనూ ఇక్కడే ప్రాక్టీసు చేసుకోవాలి కదా తమ్ముడూ" అంటారు. అర్థం చేసుకోగలను. కానీ ఫైలు చూసి "ఇందులో తప్పేమీ లేదు, అది ఆ జబ్బు తీరే అంత" అని చెప్పినా అది కూడా సేవే కదండీ. ఆ ఒక్క మాటతో ఒక ఇంట్లో పదేళ్ళ అనుమానం తీరుతుంది, తోటి డాక్టరుకి ఒక తప్పుడు ఫిర్యాదు తప్పుతుంది. ప్రతి చావూ నిర్లక్ష్యం కాదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరు మీద క్రిమినల్ కేసు పెట్టాలంటే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలని చెప్పింది, సరిగ్గానే చెప్పింది. మంచి డాక్టరుకి ఫైలంటే భయం ఉండక్కర్లేదు.

సంఘాల నాయకుల సంగతి ఇంకా చెప్పక తప్పదు. ఉగాది సంబరాలకి వేదిక వెనక బ్యానరు మీద ఎవరి లోగో ఉంటుందో ఒకసారి తలెత్తి చూడండి. రెండు జ్యువెలరీ షాపులు, ఒక రియల్ ఎస్టేటు, ఒక ఆసుపత్రి గ్రూపు. ఆసుపత్రి యాజమాన్యం వారికి శాలువా, పూలబొకే. రేపు అదే గ్రూపు క్లినిక్కులో మన మనిషికి ఏదైనా జరిగితే ఆ నాయకుడు ఎవరి పక్కన నిలబడతాడు? నేను ఎవరి పేరూ ఎత్తడం లేదు, తప్పు జరిగిందనీ అనడం లేదు. స్పాన్సర్‌షిప్ తీసుకోండి, కానీ బాధితుడి పక్కన నిలబడే పని ఆ చేతుల్లో పెట్టకండి.

ప్రభుత్వాలకి ఇది మరీ సుఖంగా ఉంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫు మృతుల కుటుంబాలకి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించి 2024 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది, 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకి వర్తించేలా. ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది, అడిగిన వాళ్ళకి నా నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసుల సొసైటీ ద్వారా బీమా ఉంది. కానీ 5 లక్షలు చేతిలో పెట్టి ఫోటో దిగే నాయకుడు కూడా అడగడు, ఎలా పోయాడు అని. చావుకి కారణం ఒక్క గడిలో రాసి, అందులో ఎంతమంది వైద్యం కోసం వెళ్ళి పోయారో లెక్క తీయమనండి. 2009లో పెట్టిన భారతీయ ప్రవాసుల సంక్షేమ నిధి మన ఎంబసీల దగ్గరే ఉంది, కాన్సులర్ సేవలకి మనం కట్టే ఫీజుల్లోంచి అందులోకి వెళ్తుంది. శవాలు పంపడంతో పాటు న్యాయ సహాయం కూడా దాని ఉద్దేశాల్లో ఉంది. కమిటీ ముందుకి వెళ్ళే పేద కార్మికుడికి అరబ్బీ తర్జుమా ఖర్చు, లాయరు ఖర్చు దాంట్లోంచి ఇవ్వమని దుబాయ్ కాన్సులేటుకి అర్జీ పెట్టాలి. మనం చెల్లించిన డబ్బే అది.

ఒక హెచ్చరిక, కుర్రాళ్ళకి ముఖ్యంగా. కోపంలో ఆసుపత్రి పేరు, డాక్టరు ఫోటో ఫేస్‌బుక్కులో పెట్టి తిట్టకండి. 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద ఆన్‌లైన్లో పరువు తీయడం ఇక్కడ నేరం. నష్టపోయినవాడే ముద్దాయి అవుతాడు. ఆ వేడి అంతా ఫిర్యాదు కాగితం మీద పెట్టండి, తేదీలతో, తిట్లు లేకుండా. ఇంకో మాట, దావాకి గడువుంటుంది. ఆ గడువు ఎప్పటితో ముగుస్తుందో మొదటి రోజే ఇక్కడి లాయరుని అడిగి రాయించుకోండి. అమ్మానాన్నలకి హైదరాబాద్, విజయవాడ ఆసుపత్రుల్లో ఏదైనా జరిగితే అక్కడి వినియోగదారుల కమిషన్‌కి 2019 చట్టం ప్రకారం గడువు రెండేళ్ళు. "వచ్చే సమ్మర్లో వచ్చినప్పుడు చూద్దాం" అనుకుంటే రెండు సమ్మర్లలో అయిపోతుంది.

మన ఫోరంకి నా ప్రతిపాదన ఇది. అల్ వర్సాన్, అల్ ఖుసైస్, షార్జా సభ్యులు కలిసి ఒక ఫైలు బృందం పెట్టాలి. పేర్లు బయటికి చెప్పని ముగ్గురు డాక్టర్లు, యూఏఈ బయట ప్రాక్టీసు చేసేవాళ్ళయితే మరీ మంచిది, లండన్‌లో డల్లాస్‌లో మనకేం కొదవ? అరబ్బీ చదవగలిగే ఇద్దరు. ఆసుపత్రికి వెళ్ళి రికార్డులు అడిగి తెచ్చే ఓపిక ఉన్న నలుగురు. చావు వార్త గుంపులో పడగానే చందా కంటే ముందు వీళ్ళలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి. ఆసుపత్రుల స్పాన్సర్‌షిప్ ఈ బృందానికి వద్దు. ఖర్చుకి మొదటి 2,000 దిర్హాములు నావి. వచ్చే శుక్రవారం లోగా పేర్లు ఫోరం కార్యదర్శికి పంపండి. డాక్టర్ల పేర్లు మాత్రం విడిగా, గుంపులో వద్దు.